ఒకే బటన్, రెండు లెక్కలు: టూల్‌బార్ ఎక్కడ దాగుందో వెతికిన కేసు

నెలాఖరు లెక్కలు మూసే రోజు. అకౌంట్స్‌లో పక్కపక్క సీట్లలో ఉన్న ఇద్దరు ఒకే బ్యాంకు స్టేట్‌మెంటు తెరిచి, ఎక్సెల్ పైన ఉన్న ఒకే బటన్ నొక్కారు. ఒకరికి మా పుస్తకాలతో జత కుదరని ఎంట్రీలు 14 వచ్చాయి, పక్కావిడకి 31. బటన్ పేరు ఒకటే, బొమ్మా ఒకటే, డేటా అయితే అక్షరం తేడా లేదు. నాకు ఫోన్ వచ్చింది.

"ఫార్ములా ఏదో పాడైనట్టుందండీ, ఒకసారి వచ్చి చూస్తారా?"

ఆ విభాగంలో ముప్పై మందికి పైగా వాడే మాక్రోల (ఎక్సెల్ చేత పనులు చేయించే చిన్న ప్రోగ్రాంల) బాగోగులు నావే. రాసింది నేను కాదు. ఎక్సెల్ 2003 కాలంలో ఎవరో రాసి వెళ్ళిపోతే, చేతులు మారి మారి నా దగ్గరికి వచ్చాయి. మొదటి గంట తప్పు చోట వెతికాను, ఆ మాట ముందే ఒప్పుకుంటాను. తేదీల ఫార్మాట్ అనుకున్నాను, విండోస్‌లో రీజనల్ సెట్టింగ్ అనుకున్నాను. రెండు మెషిన్లలోనూ అవి ఒకేలా ఉన్నాయి. చివరికి ఆవిడ పక్కన కూర్చుని, "మేడమ్, ఇంకోసారి నొక్కండి, నేను చూస్తాను" అన్నాను.

నొక్కారు. తెర కన్నుమూసి తెరిచినంతసేపు మినుకుమంది. కింద టాస్క్‌బార్‌లో అంతకుముందు లేని ఇంకో వర్క్‌బుక్ వచ్చి కూర్చుంది. పేరు దాదాపు మా ఫైలుదే, చివర ఏడాది అంకె మాత్రం లేదు.

"ఇదెప్పుడు తెరిచారు మేడమ్?"

"నేను తెరవలేదండీ. అది ఎప్పుడూ అలాగే వస్తుంది. పని అయ్యాక మూసేస్తుంటాను."

"ఎప్పుడూ" అంటే ఎంతకాలంగా అని అడిగే ధైర్యం ఆ రోజు చేయలేదు.

బటన్‌లో మాక్రో ఉండదు

టూల్‌బార్ మీది బటన్‌లో మాక్రో ఉండదు. మాక్రో ఫలానా ఫైల్లో ఫలానా పేరుతో ఉందని చెప్పే చిరునామా మాత్రమే ఉంటుంది. ఆ ఫైల్ మూసి ఉంటే ఎక్సెల్ తనే వెళ్ళి తెరిచి, మాక్రో నడుపుతుంది. ఎవరినీ అడగదు. ఫైల్ అక్కడ లేకపోతే "మాక్రోను నడపలేకపోతున్నాం" అని ఒక సందేశం వస్తుంది, అప్పుడు అందరూ నాకు ఫోన్ చేస్తారు. ఆ సందేశం వస్తే అదృష్టం. ఫైల్ అక్కడే ఉండి, పాతదై ఉంటేనే ప్రమాదం. ఫోన్ రాదు, తప్పు లెక్క వస్తుంది.

ఆవిడ క్విక్ యాక్సెస్ టూల్‌బార్‌లో, అంటే ఎక్సెల్ పైన సొంతంగా బటన్లు పెట్టుకునే చిన్న పట్టీలో, జరిగింది ఇదే. ఎక్సెల్ 2010 నుంచి ఈ టూల్‌బార్‌కీ, రిబ్బన్‌లో (ట్యాబ్‌లున్న పెద్ద పట్టీలో) మనం చేసుకునే మార్పులకీ నివాసం ఒకటే ఫైల్: 'ఎక్సెల్ డాట్ ఆఫీస్‌యూఐ'. యూజర్ ప్రొఫైల్ లోపల యాప్‌డేటా, అందులో లోకల్, అందులో మైక్రోసాఫ్ట్, అందులో ఆఫీస్ ఫోల్డర్‌లో ఉంటుంది. లోపల ఉండేది మామూలు ఎక్స్‌ఎంఎల్ (గుర్తులతో రాసిన టెక్స్ట్), నోట్‌ప్యాడ్‌తో తెరిస్తే చదవొచ్చు. ఆవిడ ఫైల్లో సేవ్, అన్‌డూ లాంటి మామూలు వరుసల మధ్య ఒక్క వరుస పొడుగ్గా ఉంది. బొమ్మ పేరు 'లిస్ట్‌మాక్రోస్', అంటే మాక్రోకి బొమ్మ ఎంచుకోకపోతే ఎక్సెల్ పెట్టే డిఫాల్ట్. ఆ తర్వాత 'ఆన్‌యాక్షన్' (నొక్కితే ఏది నడవాలో చెప్పేది), దాని ఎదురుగా ఆవిడ సొంత డ్రైవ్‌లోని ఫోల్డర్ పాత్ మొత్తం, ఫైల్ పేరు, ఆశ్చర్యార్థకం, మాక్రో పేరు.

ఆ పాత ఫైల్లో మాక్రో తేదీ సరిగ్గా సరిపోతేనే రెండు ఎంట్రీలను జత చేస్తుంది. కొత్త దాంట్లో, చెక్కు క్లియర్ కావడానికి పట్టే సమయం కోసం మూడు రోజుల తేడాని ఒప్పుకునేలా మార్చారు. 31కీ 14కీ తేడా అదే. మనిషి తప్పు లేదు, ఫార్ములా తప్పు లేదు. ఎప్పుడో ఒక రోజు ఫైల్‌ని తన డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, అందులోంచి బటన్ పెట్టుకున్నారు. ఆ తర్వాత ఫైల్ మారింది, బటన్ మారలేదు.

మర్నాడు మిగతా మెషిన్లలో ఆ ఆఫీస్‌యూఐ ఫైళ్ళు తెరిచి 'ఆన్‌యాక్షన్' అన్న మాట వెతికాను. సొంత కాపీని చూపే బటన్లు ఇంకో నలుగురి దగ్గర ఉన్నాయి. ఒకరిదైతే లేని డ్రైవ్‌ని చూపిస్తోంది. "ఆ బటన్ పనిచేయదని వదిలేశానండీ" అన్నారు, చాలా మామూలుగా.

పాత ఇంట్లో ఎలా ఉండేదో

ఈ అలవాటు ఎక్కడ మొదలైందో తెలియాలంటే 2003కి వెళ్ళాలి. అప్పట్లో సొంత టూల్‌బార్లన్నీ ఎక్స్‌ఎల్‌బీ అనే ఫైల్లో దాగేవి. ఎక్సెల్ 2002లో దాని పేరు 'ఎక్సెల్10', 2003లో 'ఎక్సెల్11'. యూజర్ ప్రొఫైల్‌లో అప్లికేషన్ డేటా కింద ఎక్సెల్ ఫోల్డర్‌లో ఉండేది. ఎక్సెల్ మూసేటప్పుడు మాత్రమే దాన్ని రాసేది. అందుకని పొద్దుటి నుంచి బటన్లు పేర్చుకుని సాయంత్రం ఎక్సెల్ క్రాష్ అయితే ఆ శ్రమంతా పోయేది. ఆ ఫైల్ ఉబ్బిపోతే ఎక్సెల్ తెరుచుకోవడానికే ఆపసోపాలు పడేది. పేరు మార్చి పక్కన పెడితే ఎక్సెల్ కొత్తది తయారుచేసుకునేది, కష్టపడి పెట్టుకున్న బటన్లు మాత్రం పోయేవి. తెలిసినవాళ్ళు ఆ ఒక్క ఫైల్‌ని కాపీ చేసి దాచుకునేవాళ్ళు. కొత్త మెషిన్లో దాన్ని ఎక్సెల్‌తో తెరిస్తే చాలు, టూల్‌బార్లు తిరిగొచ్చేవి.

మా మాక్రోలు రాసినాయన టూల్‌బార్‌ని అందరికీ పంచడానికి 'అటాచ్' వాడారు. కస్టమైజ్ డైలాగ్‌లో ఆ బటన్ ఉండేది. టూల్‌బార్‌ని వర్క్‌బుక్‌కి తగిలిస్తే, ఎవరు ఆ వర్క్‌బుక్ తెరిచినా టూల్‌బార్ వాళ్ళ ఎక్సెల్‌లోకి కాపీ అయ్యేది. వినడానికి బాగుంటుంది. ఆచరణలో రెండు ముళ్ళు. మొదటిది, వర్క్‌బుక్ మూసినా టూల్‌బార్ పోదు, ఆ మనిషి ఎక్స్‌ఎల్‌బీలో స్థిరపడిపోతుంది. రెండోది ఇంకా పెద్దది: అదే పేరుతో టూల్‌బార్ అప్పటికే ఉంటే, వర్క్‌బుక్‌లో ఉన్న కొత్త రూపం లోపలికి రాదు. పాతదే గెలుస్తుంది. మనం రెండు బటన్లు చేర్చి, మళ్ళీ తగిలించి, అందరికీ పంపితే కొత్తగా చేరినవాళ్ళకి మాత్రమే ఆ రెండు బటన్లు కనిపిస్తాయి.

దీనికి విరుగుడుగా వర్క్‌బుక్ మూసేటప్పుడు టూల్‌బార్‌ని కోడ్‌తో చెరిపేయడం అందరూ నేర్చుకున్నారు, మా ఫైల్లోనూ ఆ వరుసలు ఉన్నాయి. అందులో ఒక మెలిక ఉంది. మూసే ముందు నడిచే 'బిఫోర్‌క్లోజ్' ఈవెంట్, "మార్పులు సేవ్ చేయాలా?" అన్న ప్రశ్న కంటే ముందే నడుస్తుంది. ఆ ప్రశ్నకి యూజర్ 'క్యాన్సిల్' నొక్కితే వర్క్‌బుక్ తెరిచే ఉంటుంది, టూల్‌బార్ మాత్రం మాయం. నా అభిప్రాయంలో అటాచ్ అనేదే వాడకుండా, వర్క్‌బుక్ తెరవగానే కోడ్‌తో టూల్‌బార్ కట్టి, 'టెంపరరీ' అన్న ఆర్గ్యుమెంట్‌కి (కోడ్‌కి అందించే విలువకి) 'ట్రూ' ఇచ్చి ఉంటే సగం తలనొప్పి ఉండేది కాదు. అలా కట్టిన టూల్‌బార్ ఎక్సెల్ మూయగానే దానంతటదే పోతుంది, ఎక్స్‌ఎల్‌బీలోకి చేరదు.

2007లో రిబ్బన్ వచ్చింది. పాత టూల్‌బార్లన్నీ యాడ్-ఇన్స్ అనే ఒక ట్యాబ్‌లోకి వెళ్ళి పడ్డాయి. పనిచేస్తాయి, కానీ ఇదివరకులా ఎక్కడంటే అక్కడ పెట్టుకోలేం, ప్రతిసారీ ఆ ట్యాబ్‌కి వెళ్ళాలి. ఆ విసుగుతోనే మా వాళ్ళు ఒక్కొక్కరే మాక్రోలని క్విక్ యాక్సెస్ టూల్‌బార్‌లోకి లాక్కున్నారు. ఎవరి దగ్గర ఏ కాపీ తెరిచి ఉంటే ఆ కాపీలోంచి. 31 పుట్టింది అక్కడే.

నేను చేసిన తప్పు

మొదటి పరిష్కారం తేలిగ్గా తోచింది. ఎక్సెల్‌లో కస్టమైజేషన్లని ఎగుమతి, దిగుమతి చేసుకునే వీలుంది. నా మెషిన్లో అన్ని బటన్లూ సరైన షేర్డ్ ఫైల్ వైపు పెట్టి, ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైల్‌ని ఒక సెలవు రోజున అందరి మెషిన్లలోకి దింపాను. దింపేటప్పుడు ఎక్సెల్ ప్రతిసారీ ఒక ప్రశ్న అడిగింది: ఇప్పుడున్న రిబ్బన్, క్విక్ యాక్సెస్ టూల్‌బార్ మార్పులన్నిటినీ తీసేసి ఇవి పెట్టాలా అని. ముప్పైకి పైగా సార్లు 'అవును' నొక్కాను. చదివే నొక్కాను, మనసులోకి మాత్రం ఎక్కించుకోలేదు.

సోమవారం పొద్దున్నే ఆ 31 వచ్చిన మేడమే ఫోన్ చేశారు. "ఆల్ట్ 4 నొక్కితే నాకు పేస్ట్ వాల్యూస్ రావాలండీ. ఇప్పుడేదో ప్రింట్ వస్తోంది."

క్విక్ యాక్సెస్ టూల్‌బార్‌లో బటన్ ఉన్న స్థానమే దాని షార్ట్‌కట్. నాలుగో బటన్ ఆల్ట్ 4. ఏళ్ళ తరబడి ఆవిడ వేళ్ళు ఆ నాలుగుకి అలవాటు పడ్డాయి. నేను ఆ వరుసనంతా తుడిచేసి నా వరుస పెట్టాను. మధ్యాహ్నానికి ఇలాంటి ఫోన్లు ఇంకా వచ్చాయి. దింపే ముందు వాళ్ళ ఆఫీస్‌యూఐ ఫైల్ కాపీ తీసి పెట్టుకోవడానికి ఒక్కో మెషిన్‌కి పది సెకన్లు పట్టేది. ఆ పని చేయలేదు. కొందరివి మెషిన్ల రోజువారీ బ్యాకప్‌లో దొరికాయి. మిగతావాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు గుర్తు చేసుకుంటుంటే ఒక్కో బటన్ పెట్టిచ్చాను. మేడమ్‌వి పదకొండు బటన్లు. కళ్ళు మూసుకుని వేళ్ళు గాల్లో కదిపి ఒక్కొక్కటీ చెప్పారు.

అక్కడ నాకు అర్థమైంది, ఇందులో రెండు రకాల బటన్లున్నాయి. మనిషి తన చేతికి వీలుగా పెట్టుకున్నవి ఆ మనిషివి, వాటి జోలికి నేను వెళ్ళకూడదు. విభాగం మొత్తం నడిపే మాక్రోల బటన్లు మాక్రోతో పాటే, ఒకే ఫైల్లో, ఒకే చోట ఉండాలి. ఈ రెండూ ఒకే ఆఫీస్‌యూఐ ఫైల్లో కలిసి ఉన్నంతకాలం ఒకదాన్ని బాగుచేయబోతే ఇంకోటి పాడవుతూనే ఉంటుంది.

యాడ్-ఇన్‌లోకి మారడం

రెండో ప్రయత్నంలో మాక్రోలన్నిటినీ ఒక ఎక్స్‌ఎల్‌ఏఎం యాడ్-ఇన్‌లో (ఎక్సెల్‌తో పాటే తెరుచుకునే, మాక్రోలుండే ఫైల్లో) పెట్టి, బటన్లని ఆ ఫైల్ లోపలే రిబ్బన్ ట్యాబ్‌గా రాశాను. ఎక్స్‌ఎల్‌ఏఎం నిజానికి ఒక జిప్. లోపల 'కస్టమ్‌యూఐ' అనే ఫోల్డర్ పెట్టి, అందులో ట్యాబ్ వివరాలున్న ఎక్స్‌ఎంఎల్ ఉంచి, పైన ఉండే రిలేషన్‌షిప్ ఫైల్లో దాన్ని పేర్కొంటే ఎక్సెల్ చదువుకుంటుంది. ఆ ఎక్స్‌ఎంఎల్ ఎలా రాయాలో చెప్పే స్కీమా 2007కి ఒకటి, 2010 నుంచి ఇంకోటి. రెండూ ఉంటే కొత్త ఎక్సెల్ కొత్తదాన్నే తీసుకుంటుంది. మా దగ్గర 2007 ఎవరూ వాడటం లేదు కనక కొత్తది ఒక్కటే రాశాను. చేత్తో జిప్ విప్పి కట్టడం కంటే కస్టమ్ యూఐ ఎడిటర్ లాంటి పరికరం వాడటం మేలు.

ఇదే ఎక్స్‌ఎంఎల్‌ని మామూలు వర్క్‌బుక్‌లోనూ పెట్టొచ్చు. అప్పుడా ట్యాబ్ ఆ వర్క్‌బుక్ ముందున్నంతసేపే కనిపిస్తుంది. ఒకే ఒక్క ఫైల్‌తో పని ఉన్నవాళ్ళకి అది చాలు. మాకు ఎవరి స్టేట్‌మెంటు తెరిచినా బటన్ ఉండాలి కాబట్టి యాడ్-ఇన్ తప్పలేదు.

ట్యాబ్ రాయడానికి ఒక పూట పట్టింది, కనిపించేలా చేయడానికి రెండు రోజులు. 'ఆన్‌యాక్షన్' అన్న మాటలో పెద్ద అక్షరం ఉండాల్సిన చోట చిన్నది కొట్టాను. ఎక్సెల్ ఏమీ అనలేదు, ట్యాబ్ మాత్రం రాలేదు. ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద, జనరల్ విభాగంలో, యాడ్-ఇన్ యూజర్ ఇంటర్‌ఫేస్ తప్పులు చూపించమనే గడి ఒకటి ఉంటుంది. అది టిక్ చేస్తే ఏ వరుసలో, ఏ నిలువులో తప్పుందో చెబుతుంది. ఈ పనికి దిగేవాళ్ళు ముందు అది టిక్ చేసుకుని కూర్చోండి. తర్వాతి దెబ్బ: బటన్ నొక్కగానే ఆర్గ్యుమెంట్ల సంఖ్య తప్పని ఎర్రర్. రిబ్బన్ బటన్ పిలిచే మాక్రో 'ఐరిబ్బన్‌కంట్రోల్' రకం ఆర్గ్యుమెంట్ ఒకటి తీసుకోవాలి. పాత మాక్రోలకి అది లేదు. వాటిని కదిలించకుండా, ఆ ఆర్గ్యుమెంట్ తీసుకుని పాత మాక్రోని పిలిచే చిన్న చిన్న సబ్‌లు విడిగా రాశాను.

అసలు చాకిరీ ఇంకోటి. పాత కోడ్ నిండా 'దిస్‌వర్క్‌బుక్' ఉంది. మాక్రో, డేటా ఒకే ఫైల్లో ఉన్నప్పుడు అది సరిపోయింది. కోడ్ యాడ్-ఇన్‌లోకి వెళ్ళాక 'దిస్‌వర్క్‌బుక్' అంటే యాడ్-ఇనే, డేటా ఉన్న ఫైల్ కాదు. అలాగని అన్నిటినీ 'యాక్టివ్‌వర్క్‌బుక్' (అప్పుడు తెర ముందున్న ఫైల్) అని ఒక్క దెబ్బలో మార్చేస్తే, బ్యాంకు కోడ్‌ల పట్టికలాంటివి పోతాయి, ఎందుకంటే అవి యాడ్-ఇన్‌లోని కనిపించని షీట్లలోనే ఉండాలి. ఒక్కో వరుస చదివి, ఇది ఎవరి షీట్ అని అడుగుతూ మార్చాల్సిందే. మొత్తం ప్రాజెక్టులో సగం సమయం దీనికే పోయింది.

బటన్ల పేర్లు పరిస్థితిని బట్టి మారడం, మసకబారడం లాంటి సొగసులు కావాలని వదిలేశాను. వాటికి ట్యాబ్ లోడ్ అయినప్పుడు ఎక్సెల్ ఇచ్చే రిబ్బన్ ఆబ్జెక్ట్‌ని ఒక గ్లోబల్ వేరియబుల్‌లో దాచుకోవాలి. ఎక్కడైనా ఎర్రర్ వచ్చి యూజర్ 'ఎండ్' నొక్కితే ఆ వేరియబుల్ ఖాళీ అయిపోతుంది, ఇక బటన్లు మాట వినవు. ఒక్క దానికి మినహాయింపు ఇచ్చాను. ట్యాబ్ చివర వెర్షన్ నంబర్ చూపే ఒక లేబుల్, లోడ్ అయినప్పుడు ఒకేసారి కోడ్ నుంచి తీసుకుంటుంది. అది ఎందుకు పనికొచ్చిందో చెబుతాను.

యాడ్-ఇన్‌ని నెట్‌వర్క్ ఫోల్డర్‌లో ఉంచి, ఫైల్‌కి రీడ్-ఓన్లీ పెట్టాను. అలా పెడితే ఎవరూ దాన్ని పట్టుకుని కూర్చోరు, కొత్త వెర్షన్ వేయాల్సి వచ్చినప్పుడు అందరినీ ఎక్సెల్ మూయమని బతిమాలక్కర్లేదు. ఆ ఫోల్డర్‌ని ట్రస్టెడ్ లొకేషన్‌గా, అంటే ఎక్సెల్ నమ్మి మాక్రోలు నడిపే చోటుగా, చేర్చాలి. నెట్‌వర్క్ ఫోల్డర్‌కి విడిగా అనుమతించే గడి కూడా టిక్ చేయాలి, ఆ గడి పక్కన "సిఫార్సు చేయం" అని రాసి ఉంటుంది. అందుకే ఆ ఫోల్డర్‌లో రాసే హక్కు నాకూ, ఇంకొకరికీ మాత్రమే ఉండేలా కట్టడి చేయించాను.

యాడ్-ఇన్‌ని నెట్‌వర్క్ నుంచి ఎంచుకున్నప్పుడు ఎక్సెల్ ఒక ప్రశ్న అడుగుతుంది: దీన్ని మీ యాడ్-ఇన్స్ ఫోల్డర్‌లోకి కాపీ చేయమంటారా అని. 'వద్దు' అనాలి. 'అవును' అంటే ఆ మెషిన్లో సొంత కాపీ పుడుతుంది, కథ మళ్ళీ మొదటికొస్తుంది. అందరికీ చెప్పాను, కాగితం మీద రాసిచ్చాను. రెండో వెర్షన్ వేసిన మర్నాడు ఒక చుట్టు తిరిగి లేబుళ్ళు చూస్తే, ఒకరి దగ్గర ఇంకా మొదటి నంబరే ఉంది. లేబుల్ లేకపోతే ఇంకో నెలాఖరు దాకా తెలిసేది కాదు. ఇంకొకరికి అసలు ట్యాబే లేదు. యాడ్-ఇన్‌ని ఎవరో మెయిల్‌లో పంపితే దాన్ని వాడుతున్నారు. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్ళలో మాక్రోలని ఆపేసే పద్ధతి 2022 నుంచి ఉంది. ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ చేస్తే తెరుచుకుంటుంది, కానీ నేను ఆ కాపీనే తీసేసి నెట్‌వర్క్ దాన్ని పెట్టాను.

ఇక ఎవరికైనా మన ట్యాబ్‌లోని బటన్ చేతికి దగ్గరగా కావాలంటే, దాని మీద రైట్ క్లిక్ చేసి క్విక్ యాక్సెస్ టూల్‌బార్‌కి చేర్చుకోవచ్చు. అప్పుడు అక్కడున్నది మన బటన్‌కి గుర్తు మాత్రమే, నడిచేది యాడ్-ఇన్‌లోని కోడే. దీనికోసం ఒక నియమం పెట్టుకున్నాను: బటన్ పేరు మార్చొచ్చు, బొమ్మ మార్చొచ్చు, ఎక్స్‌ఎంఎల్‌లో ఇచ్చిన ఐడీ మాత్రం ఎప్పటికీ మార్చను. ఐడీ మారితే వాళ్ళు చేర్చుకున్న గుర్తుకి అసలు బటన్ జాడ తెలియదు.

ఇద్దరు ఎక్సెల్ బదులు లిబ్రేఆఫీస్ కాల్క్ అనే ఉచిత ప్రోగ్రాం వాడతారు. మన రిబ్బన్ ట్యాబ్ అక్కడ కనిపించదు. కాల్క్‌లో కస్టమైజ్ డైలాగ్‌లోనే, ఈ టూల్‌బార్ ప్రోగ్రాం మొత్తానికా, ఈ ఒక్క డాక్యుమెంట్‌కా అని అడుగుతుంది. డాక్యుమెంట్‌కి అంటే ఆ ఫైల్ లోపలే 'కాన్ఫిగరేషన్స్2' ఫోల్డర్‌లో చేరుతుంది, ప్రోగ్రాంకి అంటే యూజర్ ప్రొఫైల్‌లో చేరుతుంది. దాచే చోటు యూజర్‌నే ముందుగా అడగడం నాకు నచ్చింది. వాళ్ళిద్దరికీ డాక్యుమెంట్‌లోనే పెట్టిచ్చాను.

తిరిగి తిరిగి వచ్చిన టూల్‌బార్

అంతా సర్దుకుందనుకున్నాక ఒక మెషిన్లో యాడ్-ఇన్స్ ట్యాబ్ కింద 2003 నాటి పాత టూల్‌బార్ ప్రత్యక్షమైంది. రైట్ క్లిక్ చేసి 'డిలీట్ కస్టమ్ టూల్‌బార్' అన్నాను, పోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. మూడుసార్లు తీశాను, మూడుసార్లూ వచ్చింది.

వాళ్ళు రోజూ తెరిచే ఒక పాత రిపోర్ట్ ఫైల్ ఉంది. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లో పుట్టి, తర్వాత కొత్త ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎంగా మారింది. దాని కాపీకి జిప్ ఎక్స్‌టెన్షన్ పెట్టి విప్పితే, ఎక్స్‌ఎల్ ఫోల్డర్‌లో 'అటాచ్డ్‌టూల్‌బార్స్ డాట్ బిన్' అని ఒక ఫైల్ ఉంది. అప్పట్లో తగిలించిన టూల్‌బార్ ఫార్మాట్ మారినా ఫైల్‌ని వదల్లేదు. తగిలించినదాన్ని విడదీసే డైలాగ్ ఇప్పటి ఎక్సెల్‌లో లేదు. ఆ బిన్ ఫైల్ తీసేశాను, వర్క్‌బుక్ రిలేషన్‌షిప్ ఫైల్లో దాన్ని చూపే వరుస కూడా తీసేశాను. ఆ వరుస మిగిలిపోతే ఫైల్ పాడైందని ఎక్సెల్ గోల పెడుతుంది. మళ్ళీ జిప్ కట్టి, ఎక్స్‌టెన్షన్ మార్చి తెరిచాను.

టూల్‌బార్ రాలేదు. మర్నాడు కూడా రాలేదు. మేడమ్ ఆల్ట్ 4కి పేస్ట్ వాల్యూసే వస్తోంది, ఐదో స్థానంలో మాత్రం ఆవిడే మా ట్యాబ్‌లోని బటన్ చేర్చుకున్నారు.